రేవు నుంచి ఫోన్ ఎందుకొచ్చింది?

(హైదరాబాద్‌లో జువాలజీ విద్యార్థులు, అధ్యాపకులు హాజరైన ఒక సభలో విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మధ్యలో శ్రోతలు అడిగిన మాటలు తీసేయకుండా అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు సరిగ్గా వినపడుతోందా? సరే.

మ్యూజియం అనగానే మన హైదరాబాదీలకి మొదట గుర్తొచ్చేది సాలార్‌జంగ్‌లో గంట కొట్టే బొమ్మ. టైమ్ దగ్గరపడుతుంటే ఎక్కడెక్కడి వాళ్లూ పరిగెత్తుకొచ్చి ఆ గడియారం ముందు చేరతారు. బొమ్మ బయటికొస్తుంది, కొడుతుంది, లోపలికెళ్తుంది, జనం చెదిరిపోతారు. ఇక జంతువుల మ్యూజియం అంటే నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన డైనోసార్. దాని సంగతి తర్వాత చెప్తాను. ఈ రెండుచోట్లా మనకి కనపడని మనిషి ఒకరుంటారు. వస్తువు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరు తెచ్చారో రాసి పెట్టేది, పురుగు పట్టకుండా చూసేది, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చేది ఆ మనిషే. క్యూరేటర్ అంటాం. అలాంటి ఒక క్యూరేటర్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు.

ఆవిడ పేరు మార్జొరీ కోర్టినే-లాటిమర్. జువాలజీ పిల్లలు 'లాటిమేరియా' అనే పేరు బట్టీ పట్టే ఉంటారు. సీలకాంత్ చేప, సజీవ శిలాజం, అంటే ఎప్పుడో అంతరించిందనుకున్న వంశంలో ఇంకా బతికున్నది, రెండు మార్కులు. (నవ్వులు) ఆ రెండు మార్కుల వెనకున్న మనిషి ఈవిడే. జువాలజీలో డిగ్రీ లేదు. ఏ డిగ్రీ లేదు. అంతా సొంతంగా చూసి, చేసి, అడిగి నేర్చుకున్నదే.

ఆ చేప ఈవిడకి దొరికిన కథ ఎక్కడ వచ్చినా 'అదృష్టవశాత్తూ' అన్న మాట ఒకటి తగులుతుంది. అదృష్టవశాత్తూ ఆ రోజు రేవుకెళ్లింది, అదృష్టవశాత్తూ చేప కంటపడింది. నాకు ఆ మాట మింగుడుపడదు. అదృష్టం లేదని కాదు. కానీ ఆ రోజు రేవు నుంచి మ్యూజియంకి ఫోన్ వచ్చింది. చేపలు పట్టే కంపెనీ వాళ్లకి, క్రిస్మస్ హడావుడిలో, ఒక మ్యూజియం ఆవిడకి ఫోన్ చేయాలని ఎందుకు తోచింది? నేనివాళ చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ఆవిడ 1907 ఫిబ్రవరి 24న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్‌లో పుట్టారు. పేరు చూసి ఇంగ్లండ్ అనుకోకండి. హిందూ మహాసముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్నం అది. నాన్న రైల్వే ఉద్యోగి. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, చిన్నప్పుడు ఆరోగ్యం అంతంతమాత్రం. కానీ చెట్లమ్మటా పుట్టలమ్మటా తిరగడం మాత్రం మానలేదు. అల్గోవా అఖాతం దగ్గర బామ్మగారి ఊరు. అక్కణ్ణుంచి చూస్తే సముద్రంలో బర్డ్ ఐలాండ్ మీది లైట్‌హౌస్ కనపడేది. పదకొండేళ్ల వయసులో ఆ దీపం చూసి, పక్షుల గురించి తెలుసుకోవాల్సిందంతా తెలుసుకుంటానని అనుకున్నారట. అందరి చిన్నతనంలోనూ ఇలాంటి శపథాలుంటాయి. నేనైతే పైలట్‌ని అవుతానన్నాను. (నవ్వులు)

చదువైపోయాక నర్సింగ్ వైపు వెళ్తున్న సమయంలో ఈస్ట్ లండన్‌లో పెడుతున్న చిన్న మ్యూజియంకి మనిషి కావాలని తెలిసింది. 1931. ఇంటర్వ్యూకి వెళ్లారు, ఉద్యోగం వచ్చింది. ఇరవై నాలుగేళ్లు. జీతం నెలకి 2 పౌండ్లు.

ఉద్యోగమైతే వచ్చింది గానీ మ్యూజియంలో ఏముందో వినండి. చర్మం ఒలిచి లోపల కూరి నిలబెట్టిన పక్షులు ఆరు. ఆరింటికీ పురుగు పట్టింది. సీసాలో ఆరు కాళ్ల పందిపిల్ల ఒకటి. ఊరి ఫొటోలు కొన్ని, పాత యుద్ధాల బొమ్మలు కొన్ని. ఇంకా ఒక పెట్టెలో రాతి ముక్కలు. ఆదిమానవుల పనిముట్లని రాసి ఉంది, చూస్తే మామూలు రాళ్లు. అంతే, మ్యూజియం అయిపోయింది.

ఆవిడ చేసిన మొదటి పని పారేయడం. పక్షుల్ని కాల్చేశారు. కూరిన పక్షికి పట్టేది డెర్మెస్టిడ్ పురుగు. మా డిపార్ట్‌మెంట్లలో దాంతో పడ్డ పాట్లు ఇక్కడున్న మాస్టార్లకి తెలుసు. ఒక్క స్పెసిమెన్‌లో, అంటే దాచిన నమూనాలో, ఉంటే నెలల్లో బీరువా అంతా పాకుతుంది. తమాషా ఏమిటంటే పెద్ద మ్యూజియంలలో అదే పురుగుని పనిగట్టుకుని పెంచుతారు, అస్థిపంజరాల మీది మాంసం తినిపించడానికి. ఉండాల్సిన డబ్బాలో ఉంటే పనివాడు, బీరువాలో దూరితే దొంగ. రాళ్ల పెట్టె కూడా బయటికెళ్లింది. ఉన్నదే గుప్పెడు సరుకు, కొత్తగా చేరిన అమ్మాయి దాన్నీ పారేస్తానంటే కమిటీ పెద్దల ముందు ఎంత ధైర్యం ఉండాలో ఆలోచించండి. మ్యూజియం అంటే వచ్చిందల్లా పోగేసే గోడౌన్ కాదని ఆవిడకి ఎవరూ పాఠం చెప్పలేదు.

తర్వాత ఇంట్లోంచి తెచ్చారు. అమ్మ దాచుకున్న పూసల పనులు, వాళ్ల బంధువు లవీనియా దగ్గరున్న ఒక పెద్ద గుడ్డు. అది డోడో గుడ్డని వాళ్ల కుటుంబం నమ్మకం. కాదనేవాళ్లూ ఉన్నారు. నాకూ అనుమానమే, అయినా ఇప్పటికీ ఆ మ్యూజియంలో జనం ఆగి చూసే వాటిలో అదొకటి.

ఇక ఊరి మీద పడ్డారు. సెలవులు దొరికితే గవ్వలు, నాచు, పక్షులు, పురుగులు, పూలు. టార్కాస్టాడ్ అనే ఊరి దగ్గర ఒక స్నేహితుడితో కలిసి శిలాజం తవ్వి తీశారు. కన్నెమెయేరియా అనే జంతువు, డైనోసార్లకంటే ముందుది. చిన్నప్పుడు దూరం నుంచి చూసిన బర్డ్ ఐలాండ్ ఉంది చూశారూ, 1936లో అక్కడికే వెళ్లి మకాం వేసి కలెక్షన్ చేశారు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. ఆ దీవిలో పోగేసిన పెట్టెలు ఒడ్డుకి చేరాలి కదా. ఆ దారిన వచ్చే ట్రాలర్, అంటే వల ఈడ్చుకుంటూ చేపలు పట్టే పడవ, దాని కెప్టెన్ ఒకాయన, హెండ్రిక్ గూసెన్, ఆ పెట్టెల్ని తన పడవలో ఈస్ట్ లండన్ చేర్చిపెట్టారు. పరిచయం అలా మొదలైంది. వలలో వింతగా ఏది పడ్డా పారేయకండి, నాకు ఉంచండి అని ఈవిడ అడిగారు, ఆయన సరేనన్నారు. అప్పట్నుంచి ట్రాలర్ రేవుకొస్తే కంపెనీ వాళ్లు మ్యూజియంకి కబురు చేయడం, ఈవిడ వెళ్లి డెక్ మీద కుప్పపోసిన షార్కుల్లో, స్టార్‌ఫిష్‌లలో వెతుక్కోవడం అలవాటైపోయింది. వెళ్లిన ప్రతిసారీ ఏదో దొరకదు. చాలాసార్లు చేపల కంపు తప్ప ఏమీ ఉండదు. అయినా వెళ్లాలి. రెండుసార్లు పిలిచినా రాకపోతే మూడోసారి ఎవరూ పిలవరు.

ఇప్పుడు 1938 డిసెంబర్ 22. మార్జొరీ మ్యూజియంలో ఆ కన్నెమెయేరియా శిలాజాన్ని ప్రదర్శనకి సిద్ధం చేస్తున్నారు. పండక్కి ముందే పూర్తి చేయాలని తొందర. ఫోన్ మోగింది. గూసెన్ గారి ట్రాలర్ నెరీన్ వచ్చింది, మీకోసం కొన్ని ఉంచారు, వచ్చి చూసుకోండి. వెళ్లబుద్ధి కాలేదు. ఎండ, పని, టైమ్ లేదు. సరే, పడవవాళ్లకి క్రిస్మస్ శుభాకాంక్షలైనా చెప్పివద్దామని టాక్సీ మాట్లాడుకుని బయల్దేరారు. సహాయకుడు ఎనోక్‌ని వెంట తీసుకెళ్లారు. నల్లజాతి మనిషి. ఈ కథలో బరువు మోసింది ఆయనే, కథ చెప్పేవాళ్లు ఆయన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు.

డెక్ మీద షార్కుల కుప్ప. కుప్ప కింద నీలం రంగు రెక్క ఒకటి. పైవాటిని లాగేసి చూశారు. ఐదడుగుల చేప. లేత ఊదా నీలం, మీద తెల్లటి మచ్చలు, ఒళ్లంతా వెండి మెరుపు. పొలుసులు కవచంలా గట్టిగా ఉన్నాయి. రెక్కలు మామూలు చేప రెక్కల్లా ఒంటికి అతుక్కుని లేవు, చిన్న చిన్న కాళ్ల చివర మొలిచినట్టున్నాయి. తోక చివర ఇంకో బుల్లి తోక. దాన్ని కుక్కపిల్ల తోకలా ఉందన్నారావిడ. నా జన్మలో ఇంత అందమైన చేపని చూడలేదన్నారు. పడవ మీద ముప్పై ఏళ్లుగా ట్రాలర్లలో పనిచేస్తున్న ముసలాయన కూడా ఇలాంటిది చూడలేదన్నాడు. చాలుమ్నా నది సముద్రంలో కలిసేచోట, ఒడ్డుకి అట్టే దూరం లేకుండా పడింది.

ఆవిడ గొప్పతనం ఏది అని మీరడిగితే నేను ఈ నిమిషాన్నే చూపిస్తాను. ఆవిడకి ఆ చేప పేరు తెలియదు. కానీ అక్కడి చేపలన్నీ తెలుసు. తెలిసినవాటి లిస్టు మనసులో పక్కాగా ఉంటేనే, ఇది ఆ లిస్టులో లేదని ధైర్యంగా అనగలం. సగం తెలిసినవాళ్లు ప్రతిదానికీ ఏదో ఒక పేరు తగిలించేస్తారు. మ్యూజియం బోర్డు ఛైర్మన్ గారు అదే పని చేశారు. డాక్టర్, పెద్దమనిషి. చూసి, ఇది రాక్ కాడ్ అనే మామూలు చేప, దీనికింత హడావుడి ఎందుకన్నారు.

దానికి ముందు టాక్సీ కథ ఉంది. 57 కిలోల చేప, జిగురు, వాసన. డ్రైవర్ ససేమిరా అన్నాడు. నువ్వెక్కించకపోతే ఇంకో టాక్సీ పిలుస్తానని ఈవిడ గట్టిగా అనేసరికి దిగొచ్చాడు. మ్యూజియంకి తెచ్చి ఉన్న కొద్దిపాటి పుస్తకాలూ తిరగేశారు. మన భాషలో చెప్పాలంటే సిలబస్‌లో లేదు. డిసెంబర్ అంటే అక్కడ ఎండాకాలం. చేప అప్పటికే పాడవడం మొదలైంది. తోపుడుబండి మీద పెట్టి ఎనోక్‌తో కలిసి ఆసుపత్రి మార్చురీకి తీసుకెళ్లారు. కుదరదన్నారు. కోల్డ్ స్టోరేజీకి వెళ్లారు. తిండి వస్తువులుండేచోట ఇది పెట్టబోమన్నారు. ఎవర్నీ తప్పు పట్టలేం, మనమైనా పెట్టనిస్తామా? చివరికి ఊళ్లో టాక్సిడెర్మీ, అంటే చచ్చిన జంతువుల చర్మం కూరి నిలబెట్టే పని, చేసే రాబర్ట్ సెంటర్ అనే ఆయన దగ్గరికి చేర్చారు. కుళ్లకుండా వాడే ఫార్మలిన్ అనే మందు కాస్త దొరికితే, అందులో న్యూస్‌పేపర్లు తడిపి చేపకి చుట్టి, వాటి మీద అమ్మ దుప్పటి ఒకటి చుట్టారు.

మర్నాడు, 23న, ఉత్తరం రాశారు. గ్రాహమ్స్‌టౌన్‌లో ఉండే జె.ఎల్.బి. స్మిత్ గారికి. చేప కొలతలు, పొలుసుల తీరు, రెక్కల వర్ణన, ఒక బొమ్మ. ఆ బొమ్మ మీరు నెట్‌లో చూడొచ్చు. ఆర్టిస్టు వేసింది కాదు, కానీ కావలసినవన్నీ ఉన్నాయి. కాళ్లలాంటి రెక్కలు, తోక చివరి తోక, తల మీది ఎముకలు. ప్రాక్టికల్ రికార్డులు షేడింగ్‌తో నింపే పిల్లలు ఒకసారి చూడండి. (నవ్వులు)

స్మిత్ గారు యూనివర్సిటీలో చెప్పేది కెమిస్ట్రీ. చేపల చదువు ఆయనకీ సొంతంగా అబ్బిందే. సెలవులకి ఆయన దూరంగా నైస్నాలో ఉన్నారు. ఉత్తరం ఆయన చేతికి వెళ్లేసరికి జనవరి 3 అయింది. బొమ్మ చూడగానే మెదడులో బాంబు పేలినట్టయిందని తర్వాత రాసుకున్నారు. అదే రోజు టెలిగ్రామ్ కొట్టారు. చాలా ముఖ్యం, అస్థిపంజరం, మొప్పలు కాపాడండి అని. అప్పటికే ఆలస్యమైపోయింది. డిసెంబర్ 27 నాటికే చేప నూనె కారుతూ కుళ్లిపోతుంటే లోపలి అవయవాలు తీసేసి, చర్మాన్ని కూరడానికి ఒప్పుకున్నారు. తీసినవి చెత్తలో పోయాయి. తీసిన ఫొటోల ఫిల్మ్ కూడా పాడైంది.

(శ్రోతల్లోంచి ఒక విద్యార్థి: మేడం, మరి అది ఆవిడ తప్పే కదా? ముఖ్యమైనవే పారేశారు.)

మంచిదడిగావు. ఈ నింద ఆవిడ జీవితాంతం వెంటే ఉంది. నువ్వు ఆ స్థానంలో ఉన్నావనుకో. ఛైర్మన్ వద్దన్నాడు. ఫ్రీజర్ లేదు. ఊళ్లో చాలినంత ఫార్మలిన్ లేదు. రాసిన ఉత్తరానికి జవాబు లేదు. ఎండలో ఐదు రోజులు. చేప మొత్తం పోవడమా, చర్మమూ తలా అయినా మిగలడమా? నేనైతే ఆవిడ చేసిందే చేసేదాన్ని, బహుశా రెండు రోజుల ముందే. నష్టం పెద్దదే, దాచను. ఈ చేప లోపల ఎలా ఉంటుందో శాస్త్రవేత్తలకి సరిగ్గా తెలియడానికి 1950ల దాకా ఆగాల్సొచ్చింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మిల్లో, ఆంథొనీ ఆఫ్రికా తూర్పు తీరానికి అవతలున్న కొమొరో దీవుల చేపల్ని కోసి చూశాకే. కానీ ఆ చర్మం లేకపోతే ఆ చేపల కోసం వెతికేవాళ్లే లేరు.

1939 ఫిబ్రవరి 16న స్మిత్ గారు వచ్చి చేపని కళ్లారా చూశారు. సీలకాంత్. ఆ చేపల శిలాజాలు 1830ల్లోనే లూయీ అగాసీ అనే శాస్త్రవేత్త వర్ణించారు. దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందటి రాళ్ల నుంచి కనిపిస్తాయి, 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు పోయిన కాలంలో ఆగిపోతాయి. ఆ తర్వాత ఒక్క శిలాజమూ లేదు కాబట్టి అంతరించాయనే అందరూ అనుకున్నారు. మార్చి 18న 'నేచర్' పత్రికలో స్మిత్ గారి వ్యాసం వచ్చింది. పేరు లాటిమేరియా చాలుమ్నీ. మొదటి భాగం ఆవిడది, రెండోది నదిది. గూసెన్ పేరు పెడతామంటే కూడా నేను తప్పుబట్టను.

ఈ పేర్లలో ఇంకో ముచ్చటుంది. రెండో చేప కోసం స్మిత్ గారు పద్నాలుగేళ్లు వెతికారు. 100 పౌండ్ల బహుమతి ప్రకటిస్తూ కరపత్రాలు పంచారు. 1952 డిసెంబర్‌లో కొమొరో దీవుల్లో దొరికింది. తెచ్చుకోవడానికి అప్పటి ప్రధాని మలాన్ మిలిటరీ విమానం ఇప్పించారు. కృతజ్ఞతగా స్మిత్ గారు ఆ చేపకి మలానియా అని కొత్త పేరు పెట్టారు. తర్వాత చూస్తే అదీ లాటిమేరియానే. శాస్త్ర నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. వర్ణవివక్షని ప్రభుత్వ విధానంగా చేసిన ప్రధాని పేరు పోయి, 2 పౌండ్ల జీతంతో చేరిన అమ్మాయి పేరు మిగిలింది. నాకు మహా ఇష్టమైన నియమం. (చప్పట్లు)

ఆ కొమొరో దీవుల జాలరులకి ఈ చేప కొత్తేం కాదు. గొంబెస్సా అంటారు. అప్పుడప్పుడూ గాలానికి పడేది, తినడానికి అంత బావుండదు. గరుకు పొలుసులతో సైకిల్ ట్యూబుని గీకి పంక్చర్ వేసేవాళ్లని చెప్తారు. ఇక్కడ ప్రపంచమంతా పోయిందనుకుంటున్న చేప, అక్కడ పంక్చర్ షాపులో. మనకీ ఇలాంటి కథే ఉంది. కడప అడవుల్లో కలివికోడి అనే పక్షి. జెర్డన్ అనే డాక్టర్ పేరు మీద 1848 నుంచి పుస్తకాల్లో ఉంది, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, పోయిందన్నారు. 1986 జనవరిలో దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊళ్లలో బొమ్మలు చూపించి వాకబు చేస్తుంటే, ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో పట్టుకొచ్చాడు. పగటి పూట తిరిగితే అది కనపడదు, రాత్రి తిరిగే పక్షి. ఆ సంగతి ఐతన్నకి తెలుసు. తెలిసినవాడు చెప్పడానికి ఒక చోటుండాలి, వినేవాళ్లుండాలి. మార్జొరీ ఏడేళ్లలో కట్టింది ఆ చోటునే. భవనం ఎవరైనా కడతారు.

ఇదే 1931లో, అంటే ఆవిడ ఉద్యోగంలో చేరిన ఏడాదే, మన హైదరాబాద్ రాష్ట్రంలో ఒకాయన పక్షుల సర్వే మొదలుపెట్టారు. సలీం అలీ. ఆయనకీ జువాలజీ డిగ్రీ లేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరి, జర్మనీ వెళ్లి పని నేర్చుకుని వస్తే, డబ్బు లేదని ఆ పోస్టే తీసేశారు. నాకు జీతం వద్దు, ఖర్చులు పెట్టుకుంటే మీ సంస్థానంలో పక్షుల లెక్క తీస్తానని అడిగారు. నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. భార్య తెహ్మినాతో కలిసి ఈ జిల్లాలన్నీ తిరిగారు. తెలంగాణలో ఏ పక్షి అప్పట్లో ఎక్కడుండేదని ఎవరడిగినా ఇవాళ్టికీ ఆ సర్వేనే తిరగేయాలి. ఎందుకు పనికొస్తోంది? ప్రతి పక్షికీ ఏ ఊరు, ఏ తారీఖు అని రాసి పెట్టారు కాబట్టి.

లేబుల్ గురించి రెండు మాటలు చెప్పి తీరాలి, ఏమనుకోకండి. నేను పనిచేసిన ఒక కాలేజీలో బీరువా నిండా సీసాలుండేవి. ఫార్మలిన్ సగం ఆవిరైపోయి, పచ్చబడి, లేబుల్ ఊడి అడుగున పడి. లోపల పాముంది. మంచి పాము. ఎక్కడిది? ఎప్పటిది? ఎవరికీ తెలియదు. పిల్లల్ని భయపెట్టడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదు. స్పెసిమెన్‌లో సగం ప్రాణం ఆ చీటీలో ఉంటుంది. అది ఉంటే ఎన్నేళ్లయినా మాట్లాడుతుంది. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఏళ్ల తరబడి నిల్వ ఉన్న ఒక ఆడ సీలకాంత్‌ని 1975లో కోస్తే లోపల ఐదు పిల్లలు కనిపించాయి. ఈ చేప గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుందని అప్పుడు రుజువైంది. 1987లో జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ ఫ్రికె చిన్న జలాంతర్గామిలో దిగి బతికున్న చేపల్ని వాటి చోటే చూశారు. కాళ్లలాంటి రెక్కలు కదా, అడుగున నడుస్తుందని అందరి ఆశ. నడవలేదు. ఎదురెదురు రెక్కల్ని గుర్రం కాళ్లు మార్చినట్టు ఆడిస్తూ ఈదుతుంది, అంతే. 1990ల చివర్లో ఇండొనేషియాలో ఇంకో జాతి బయటపడింది. 2013లో జన్యుపటం వచ్చాక, నేలజంతువులకి దీనికంటే ఊపిరితిత్తుల చేపే దగ్గరి చుట్టమని తేలింది. పిల్లలూ, 'సజీవ శిలాజం' అని రాసి మార్కులు తెచ్చుకోండి గానీ, పూర్తిగా నమ్మకండి. లాటిమేరియా శిలాజం ఎక్కడా దొరకలేదు. శిలాజాల్లో దొరికేవి దాని చుట్టాలు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఆ డిసెంబర్ 22న మార్జొరీ చేతులు రెండింటి మీద పడ్డాయి. పొద్దున బల్ల మీద కన్నెమెయేరియా, తర్వాత రేవులో సీలకాంత్. ఆ రెండింటికీ చుట్టాలు మన ప్రాణహిత–గోదావరి లోయలో ఉన్నాయి. ఎర్రపల్లి అని పిలిచే రాతి పొరల్లో దొరికిన వాడియాసారస్ కన్నెమెయేరియా కుటుంబానిదే. 1970లో తపన్ రాయ్ చౌధురి వర్ణించారు. కోట అనే ఊరి పేరుతో పిలిచే రాతి పొరల్లో దొరికిన ఇండోసీలకాంథస్, జురాసిక్ కాలపు సీలకాంత్. 1974లో ఎస్.ఎల్. జైన్ వర్ణించారు. మన దేశంలో మొదటి సీలకాంత్ శిలాజం అదే. ఆఫ్రికా, మనం అప్పట్లో గోండ్వానా అనే ఒకే నేల కదా, ఆశ్చర్యపోనక్కర్లేదు. నేను మాత్రం చదివినప్పుడల్లా ఆశ్చర్యపోతాను. ఈ ఇద్దరూ పనిచేసింది కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో. లెక్కల సంస్థకి బొమికలతో ఏం పనంటే, ఆ సంస్థ పెట్టిన మహలనోబిస్ గారికి అన్నింటి మీదా ఆసక్తే. 1950ల్లో లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తని పిలిపించి ఆ విభాగాన్ని మొదలుపెట్టించారు.

బిర్లాలో మీరు చూసే డైనోసార్ కూడా ఆ కోట రాళ్లదే. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన పి. యాదగిరి గారు 1988లో వర్ణించారు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి ఊరి పేరు దాని పేరులో ఉంది. అది ఒక్క జంతువు ఎముకలతో నిలబెట్టింది కాదు, చాలా జంతువులవి కలిపి కూర్చింది. పుర్రె దొరకలేదు. ఈసారి వెళ్తే తల దగ్గర నిలబడి ఆలోచించండి, అది ఎలా తయారుచేసి ఉంటారో. మన క్లాసుల్లో అమెరికా డైనోసార్ల పేర్లు గడగడా చెప్పే పిల్లలకి యామన్‌పల్లి తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, మా మాస్టార్లది.

మార్జొరీ గారి మిగతా జీవితం త్వరగా చెప్పేస్తాను, టైమ్ అయిపోతోంది. ఒకే మ్యూజియంలో నలభై ఏళ్లకి పైగా పనిచేసి 1973లో రిటైరయ్యారు. 1971లో రోడ్స్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక అడవి పూల మీద పనిచేశారు. 2004 మే 17న, 97 ఏళ్ల వయసులో పోయారు. చేప ఇప్పటికీ ఈస్ట్ లండన్ మ్యూజియంలోనే ఉంది. ఆ సీలకాంత్ లేకపోయినా ఆవిడ మంచి క్యూరేటరే. కాకపోతే మనకెవరికీ పేరు తెలిసేది కాదు. అలా పేరు తెలియని క్యూరేటర్లు చాలామంది ఉంటారు, వాళ్లని కూడా లెక్కలో వేసుకోండి.

ఇంక మీరే అడగండి.

(ఒక విద్యార్థి: మేడం, మాది మంచిర్యాల వైపు. మా చెలకల్లో ఎముకలాంటి రాళ్లు కనపడతాయి. నిజంగా శిలాజమైతే ఎవరికి చెప్పాలి?)

ముందు కదపొద్దు. ఊడపెరికి బ్యాగులో వేసుకుని నా దగ్గరికి తెస్తే దాని సగం కథ అక్కడే పోతుంది. ఉన్నచోటే పక్కన స్కేలు పెట్టి ఫొటో తియ్యి. స్కేలు లేకపోతే రూపాయి బిళ్ల. దగ్గర్నుంచి ఒకటి, చుట్టూ నేల కనపడేలా దూరం నుంచి ఒకటి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకో. ఊరి పేరు, చెలక ఎవరిది, ఏ వాగు పక్కన, తారీఖు, అన్నీ నోట్‌బుక్‌లో రాయి. తర్వాత జియాలజికల్ సర్వే వాళ్ల ఆఫీసు ఇక్కడే బండ్లగూడలో ఉంది, లేదంటే ఉస్మానియా జియాలజీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లు. ఒక్కడివే వెళ్లడానికి టెన్షన్ అయితే మీ మాస్టారిని తీసుకెళ్లు. పదింటిలో తొమ్మిది మామూలు రాళ్లే అవుతాయి, చిన్నబుచ్చుకోకు. ఇంతకీ నీకు ఎవరు చూపించారు?

(విద్యార్థి: మా తాత, మేడం. గొర్లు కాస్తాడు.)

అయితే నోట్‌బుక్‌లో మీ తాత పేరు ముందు రాయి. ఫోన్ ఉంటే ఆ నంబర్ కూడా. (నవ్వులు)